కంపెనీల సామాజిక బాధ్యత

లాభం సంపాదించి వాటాదారులకు పంచిపెడితే కంపెనీ బాధ్యత తీరిపోతుందా? తన దగ్గర పనిచేసే కార్మికులకు, సరుకు కొనేవారికి, ప్రహరీ గోడ పక్కనే ఉన్న ఊరికి, వాడుకుంటున్న నీటికి, వదులుతున్న పొగకు కూడా అది జవాబు చెప్పాలా? ఈ ప్రశ్న చుట్టూ పెరిగిన ఆలోచనలకు, ఆచరణకు, చట్టాలకు కలిపి వాడే పేరు కంపెనీల సామాజిక బాధ్యత. వాడుకలో దీన్ని ‘సీఎస్ఆర్’ అంటారు. న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, నీతిశాస్త్రం మూడింటికీ చెందిన ఈ వివాదానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. భారతదేశం 2013లో దీన్ని కంపెనీల చట్టంలో చేర్చింది.

భావన, పరిధి

సామాజిక బాధ్యత అన్న మాట కింద రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, లాభం ఎలా వచ్చిందన్నది. కార్మికుడికి న్యాయమైన కూలి, ప్రాణానికి భద్రత ఉన్నాయా, వ్యర్థాలను శుద్ధి చేశాకే వదిలారా, లెక్కలు నిజమేనా, పన్ను సక్రమంగా కట్టారా అన్నవి దీనిలోకి వస్తాయి. రెండోది, వచ్చిన లాభంలో సమాజానికి ఎంత ఇచ్చారన్నది. బడి గదులు, మంచినీటి ప్లాంట్లు, కంటి శిబిరాలు, ఉపకార వేతనాలు ఈ కోవలోవి. మొదటిది ఫ్యాక్టరీ నడిచే ప్రతి రోజూ ఉండే బాధ్యత. రెండోది ఏడాది లెక్కలు తేలాక గుర్తుకొచ్చేది. జనం నోట సీఎస్ఆర్ అంటే చాలావరకు రెండోదే అయిపోయింది. ఈ వివాదంలోని గందరగోళంలో సగం ఇక్కడే పుడుతోంది.

అమెరికా ఆచార్యుడు ఆర్చీ కారోల్ 1979లో ఈ బాధ్యతను నాలుగుగా విడదీసి, 1991లో దానికి పిరమిడ్ రూపం ఇచ్చాడు. అడుగున ఆర్థిక బాధ్యత, దానిపైన చట్టాన్ని పాటించడం, ఆపైన నైతికత, కొసన దాతృత్వం ఉంటాయి. కంపెనీ నిలదొక్కుకోకపోతే మిగిలినవేవీ సాగవు కాబట్టి లాభం పునాది అయింది. కొసన ఉన్న దాతృత్వం అన్నిటికన్నా చిన్న భాగమని, కింది అంతస్తులు లేకుండా అది నిలబడదని ఆ బొమ్మ చూడగానే అర్థమవుతుంది.

ప్రశ్న పుట్టిన తీరు

కంపెనీ చట్టం పుట్టించిన మనిషి. దానికి సొంతంగా ఆస్తి ఉంటుంది, అప్పు ఉంటుంది, కోర్టులో దావా వేసే హక్కు ఉంటుంది. అది దివాళా తీస్తే వాటాదారు తాను పెట్టిన సొమ్ము వరకే నష్టపోతాడు, అతడి ఇల్లూ పొలమూ అప్పులవాళ్లకు పోవు. ఈ పరిమిత బాధ్యత అనే రక్షణను బ్రిటన్ 1855లో చట్టంగా తెచ్చింది. సమాజం ఇంత పెద్ద సౌకర్యం కల్పించినప్పుడు బదులుగా కొంత అడగవచ్చు కదా అన్న ఆలోచన ఆ తర్వాత క్రమంగా బలపడింది.

కోర్టులు మొదట వాటాదారుల పక్షమే వహించాయి. మూతపడుతున్న వెస్ట్ కార్క్ రైల్వే కంపెనీ తన ఉద్యోగులకు కొంత పరిహారం ఇవ్వబోతే 1883లో ఇంగ్లండ్ కోర్టు ఒప్పుకోలేదు. ఉదారంగా ఉండటంలో తప్పు లేదు గానీ, ఆ ఉదారత వల్ల కంపెనీకి మేలు జరగాలి అన్నది ఆ తీర్పు సారం. 1919లో మిచిగాన్ సుప్రీంకోర్టు తీర్పు ఇంకా ప్రసిద్ధం. కార్ల ధర తగ్గించి, ఫ్యాక్టరీని విస్తరించి, ఎక్కువమందికి పని ఇస్తానంటూ హెన్రీ ఫోర్డ్ ప్రత్యేక డివిడెండు ఆపేశాడు. పదో వంతు వాటా ఉన్న డాడ్జ్ సోదరులు దావా వేశారు. వ్యాపార సంస్థ ప్రధానంగా వాటాదారుల లాభం కోసమే నడుస్తుందని చెప్పి కోర్టు 1 కోటి 90 లక్షల డాలర్లకు పైగా డివిడెండు ఇప్పించింది. అదే తీర్పులో ఫ్యాక్టరీ విస్తరణను మాత్రం ఆపలేదు. వ్యాపారం ఎలా నడపాలన్నది యాజమాన్యం విచక్షణకే వదిలేసింది. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

1931, 1932 సంవత్సరాల్లో హార్వర్డ్ న్యాయ పత్రికలో ఇద్దరు ఆచార్యుల మధ్య జరిగిన వాదం నేటి చర్చకు మూలం. కంపెనీ అధికారాలు వాటాదారుల కోసం అప్పగించినవేనని అడాల్ఫ్ బర్లీ అన్నాడు. కంపెనీకి లాభార్జనతో పాటు సమాజ సేవ కూడా ధర్మమేనని మెరిక్ డాడ్ వాదించాడు. ఇరవై ఏళ్లు గడిచాక 1954లో, కాలం డాడ్ వైపే మొగ్గిందని బర్లీ ఒప్పుకున్నాడు. అంతకు ముందటి ఏడాదే, ఒక తయారీ కంపెనీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 1,500 డాలర్ల విరాళం చెల్లుతుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. హోవర్డ్ బోవెన్ వ్యాపారుల సామాజిక బాధ్యతల మీద రాసిన పుస్తకం వెలువడింది కూడా ఆ 1953లోనే.

లాభమే బాధ్యత అన్న వాదం

ఈ పక్షానికి అత్యంత బలమైన గొంతు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది. 1962 నాటి పుస్తకంలో, 1970 సెప్టెంబరు 13న న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో వచ్చిన వ్యాసంలో ఆయన తన వాదం వినిపించాడు. మేనేజరు వాటాదారుల దగ్గర జీతానికి పనిచేసే మనిషి. అతడు సమాజ హితం పేరిట ఖర్చు పెట్టేది తన సొమ్ము కాదు. అది వాటాదారుడి డివిడెండు నుంచో, కార్మికుడి కూలి నుంచో, కొనేవాడి జేబు నుంచో పోతుంది. అంటే అతడు ఎవరూ ఎన్నుకోకుండానే పన్ను వేసి, ఆ పన్నును తనకు తోచినట్టు పంచుతున్నాడు. ఆ పని ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానిది. సేవ చేయాలనుకున్న వాటాదారు తన డివిడెండు తీసుకుని తానే చేసుకోవచ్చు.

ఫ్రీడ్‌మన్‌ను తిట్టేవారూ పొగిడేవారూ ఆయన పెట్టిన షరతును తరచు వదిలేస్తారు. మోసం, దగా లేకుండా, పోటీ నియమాలకు లోబడి లాభం సంపాదించాలని ఆయన స్పష్టంగానే అన్నాడు. ఈ వాదంలో కొట్టిపారేయలేని నిజం ఉంది. పదిమందికీ జవాబుదారీ అని చెప్పుకునే మేనేజరు చివరికి ఎవరికీ జవాబుదారీ కాకుండా పోయే ప్రమాదం ఉంది. చిన్న మదుపరి పొదుపు సొమ్ముతో పెద్ద అధికారి పేరు తెచ్చుకోవడమూ న్యాయం కాదు.

అయితే ఈ వాదం ఒక ఊహ మీద నిలబడింది. ఆట నియమాలు సరిగ్గా ఉన్నాయని, వాటిని రాసేవారి మీద కంపెనీల ఒత్తిడి లేదని అది అనుకుంటుంది. కాలుష్య నియంత్రణ బలహీనంగా ఉన్న చోట, తనిఖీ అధికారి ఏళ్ల తరబడి గడప తొక్కని చోట, చట్టం లోపల ఉంటూనే ఒక చెరువును చంపేయవచ్చు. ఆ చెరువు విలువ ఏ లాభనష్టాల పట్టికలోనూ కనిపించదు.

అందరికీ జవాబుదారీ అన్న వాదం

ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో రాసిన పుస్తకం రెండో పక్షానికి పునాది వేసింది. కార్మికులు, కొనుగోలుదారులు, సరఫరాదారులు, అప్పు ఇచ్చినవారు, స్థానికులు అందరికీ కంపెనీలో ఏదో ఒకటి పణంగా ఉంటుంది. వాటాదారు పెట్టేది డబ్బు. కార్మికుడు పెట్టేది జీవితంలోని మంచి వయసు. ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన రైతు పెట్టింది తరతరాల ఆధారం. నష్టం వస్తుందనుకుంటే వాటాదారు ఒక్క పూటలో వాటా అమ్ముకుని బయటపడగలడు. రైతుకూ కార్మికుడికీ ఆ దారి లేదు.

ఇదే పక్షంలో వ్యూహపరమైన వాదమూ ఉంది. సమాజ అవసరం తీర్చడంలోనే వ్యాపారం పెరుగుతుందని మైకేల్ పోర్టర్, మార్క్ క్రేమర్ 2011లో రాశారు. జాన్ ఎల్కింగ్టన్ 1994లో లాభంతో పాటు మనుషులు, పర్యావరణం లెక్కలు కూడా చూడాలన్న త్రిముఖ లెక్కను ప్రతిపాదించాడు. ఆ మాటను కంపెనీలు అలంకారంగా మార్చేశాయని బాధపడి 2018లో ఆయనే దాన్ని వెనక్కి పిలిచాడు. 2019 ఆగస్టులో అమెరికాలోని 181 పెద్ద కంపెనీల అధిపతులు వాటాదారులకే కాక అందరికీ కట్టుబడతామని ప్రకటన చేశారు. మాట నిలబెట్టుకున్నారా అన్న విమర్శ దాన్ని నేటికీ వెంటాడుతోంది.

భారతదేశం: ధర్మకర్తృత్వం నుంచి చట్టం దాకా

ధర్మశాలలు, చెరువులు, సత్రాలు కట్టించడం మన వర్తకులకు పాత సంప్రదాయం. గాంధీజీ ధర్మకర్తృత్వ భావన దానికి కొత్త అర్థం ఇచ్చింది. తన అవసరానికి మించిన సంపదకు ధనికుడు యజమాని కాదు, సమాజం తరఫున కాపలాదారు మాత్రమే అని ఆయన చెప్పారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో టాటాలు 1912లోనే 8 గంటల పనిదినం తెచ్చారు. పదేళ్ల తర్వాత 1922లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం కూడా రోజుకు 11 గంటల పనిని అనుమతించిందంటే, చట్టం కన్నా ముందు నడవడం ఒక సంస్థకు సాధ్యమేనని తెలుస్తుంది.

1982లో సుప్రీంకోర్టు నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో మరో అడుగు వేసింది. కంపెనీ మూసివేత విచారణలో కార్మికుల మాట కూడా వినాలని, కంపెనీని వాటాదారుల సొత్తుగా మాత్రమే చూసే రోజులు పోయాయని చెప్పింది.

రెండేళ్లకు భోపాల్ దుర్ఘటన జరిగింది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ వాయువు వేలమందిని చంపింది, లక్షలమందిని రోగగ్రస్తులను చేసింది. 1989లో పరిహారం 47 కోట్ల డాలర్ల దగ్గర పరిష్కారమైంది. 1986లో ఢిల్లీ ఓలియం వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు ‘సంపూర్ణ బాధ్యత’ సూత్రాన్ని స్థాపించింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు, నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా, జరిగిన నష్టానికి పూర్తిగా బాధ్యులే. కంపెనీ స్తోమత ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

2013 చట్టం

కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని చేరినా కంపెనీకి అది వర్తిస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. విద్య, ఆరోగ్యం, ఆకలి నిర్మూలన, పర్యావరణం, వారసత్వ సంపద వంటి రంగాల జాబితా చట్టంలోని ఏడో షెడ్యూలులో ఉంది. తాను పనిచేసే ప్రాంతానికి కంపెనీ ప్రాధాన్యం ఇవ్వాలి.

మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఆ వెసులుబాటును తీసేశాయి. కొనసాగుతున్న ప్రాజెక్టుల సొమ్ము మిగిలితే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి. ఇతర పనులకు ఖర్చు కాని సొమ్మును ఆరు నెలల్లో షెడ్యూలులోని నిధులకు జమ చేయాలి. తప్పితే కంపెనీకి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సొంత ఉద్యోగులకు మాత్రమే ఉపయోగపడేవి, రాజకీయ పార్టీల విరాళాలు, మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు సీఎస్ఆర్ లెక్కలోకి రావు. ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికీ వీల్లేదు.

అదే చట్టంలోని 166వ సెక్షన్ గురించి మాట్లాడేవారు తక్కువ. డైరెక్టర్లు వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ రక్షణ దృష్ట్యా కూడా మంచి బుద్ధితో వ్యవహరించాలని అది చెబుతుంది. లాభం ఎలా రావాలన్న మొదటి ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు నిజానికి ఇదే.

అమలు, ఫలితాలు

2014-15లో దాదాపు 10 వేల కోట్ల రూపాయలున్న సీఎస్ఆర్ వ్యయం 2022-23 నాటికి దాదాపు 30 వేల కోట్లకు చేరింది. విద్యకు, ఆరోగ్యానికి ఎక్కువ వాటా దక్కుతోంది. ఈ సొమ్ముతో లేచిన తరగతి గదులు, ఆస్పత్రి పడకలు, మరుగుదొడ్లు లక్షలాది జీవితాలకు అందిన సాయం. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

విమర్శలూ ఉన్నాయి. కంపెనీలు ఎక్కువగా ఉన్న మహారాష్ట్ర వంటి రాష్ట్రాలకే డబ్బు ఎక్కువ వెళ్తుంది, వెనుకబడిన జిల్లాలకు తక్కువ చేరుతుంది. అంతకు ముందు 2 శాతానికి మించి ఇస్తున్న కంపెనీలు కొన్ని చట్టం వచ్చాక 2 శాతానికి దిగాయని ధర్మపాల, ఖన్నా పరిశోధన చూపింది. మనసుతో చేసేది లెక్క కోసం చేసేదిగా మారింది. చట్టం పరిధిలోకి వచ్చిన కంపెనీల షేర్ల విలువ సగటున 4.1 శాతం తగ్గిందని పరిశోధకులు మంచిరాజు, రాజగోపాల్ 2017లో తేల్చారు. కోవిడ్ వేళ పీఎం కేర్స్ నిధికి ఇచ్చిన విరాళాన్ని సీఎస్ఆర్‌గా లెక్కించి, ముఖ్యమంత్రుల సహాయ నిధులకు ఆ అవకాశం ఇవ్వకపోవడం మీద రాష్ట్రాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి.

తెలుగు నేల అనుభవం

ఈ విషయంలో తెలుగు నేల దేశానికి నేర్పిన పాఠాలు మూడు.

మొదటిది అనంతగిరి కొండల నుంచి వచ్చింది. విశాఖ మన్యంలో గిరిజన భూములను ప్రైవేటు గనులకు లీజుకిచ్చారని సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు అలాంటి లీజులు చెల్లవంది. అలాంటి పూర్తి నిషేధం లేని రాష్ట్రాల్లో గనుల సంస్థలు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంతపు నీటికి, బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా ఉంచాలని చెప్పింది. 2 శాతం చట్టం కంటే 16 ఏళ్ల ముందు వచ్చిన మాట ఇది. నేల ఎవరిదో వారిదే లాభంలో మొదటి హక్కు అన్న ఆలోచన దాని వెనుక ఉంది.

రెండోది హైదరాబాద్ కథ. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబం స్థాపించిన సంస్థ 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవను ప్రారంభించింది. అది ఎన్నో రాష్ట్రాలకు పాకింది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. 2009 జనవరి 7న ఆయనే తన కంపెనీ లెక్కలు ఏళ్లుగా తప్పుగా చూపుతున్నామని లేఖలో ఒప్పుకున్నారు. దాదాపు 7 వేల కోట్ల రూపాయల ఆ మోసంలో మదుపరులు నిండా మునిగారు, వేలాది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క రోజులో అయోమయంలో పడింది. 2015లో ప్రత్యేక కోర్టు ఆయన్ను దోషిగా నిర్ధారించింది. 108 చేసిన మేలు నిజం, లెక్కల్లో జరిగిన మోసమూ నిజం. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు.

మూడోది విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి పాకింది. 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆస్పత్రి పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవారు దారిలోనే కుప్పకూలారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తక్షణం 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. భద్రతా ఏర్పాట్లు, ట్యాంకు శీతలీకరణ సరిగా లేవని, ఊరిని హెచ్చరించాల్సిన సైరన్లు మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

ఇతర దేశాల్లో

చట్టంతో ఖర్చు పెట్టించడంలో భారత్ ఒంటరి కాదు. మారిషస్ 2009లోనే 2 శాతం నియమం పెట్టింది. ఇండోనేషియా 2007లో సహజ వనరుల కంపెనీలకు ఈ బాధ్యత అప్పగించింది. ఐరోపా దేశాలు వేరే దారి పట్టాయి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది విదేశీ బ్రాండ్లకు దుస్తులు కుట్టే కార్మికులు. ఆ తర్వాత ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో తమ పెద్ద కంపెనీలు సరఫరాదారుల దగ్గర జరిగే హక్కుల ఉల్లంఘనల మీద కూడా నిఘా ఉంచాలని చట్టాలు చేశాయి. ఎంత ఇచ్చారని అడగడం కన్నా ఎలా సంపాదించారని అడగడం ఈ చట్టాల ప్రత్యేకత. భారత్‌లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇదే దిశగా 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణం, ఉద్యోగులు, పాలన గురించి సవివరమైన వార్షిక నివేదికను తప్పనిసరి చేసింది.

తేలవలసిన విషయం

కంపెనీలకు లాభానికి మించిన బాధ్యత ఉందా అన్న ప్రశ్నకు భారతీయ చట్టం, న్యాయస్థానాలు ఉందనే జవాబిచ్చాయి. ఆ బాధ్యత దేనిలో ఉందన్నదే ఇంకా తేలాల్సి ఉంది. 135వ సెక్షన్‌కు అంకె ఉంది, గడువు ఉంది, జరిమానా ఉంది. 166వ సెక్షన్‌లోని సమాజం, పర్యావరణం అన్న మాటలను పట్టుకుని ఊరివాళ్లు ఏ గుమ్మం తొక్కాలో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. కొలవగలిగిన బాధ్యత పెరిగి పెద్దదైంది, కొలవడం కష్టమైనది మాటగానే మిగిలింది.

ఫ్యాక్టరీ పక్క ఊళ్లో బడికి వేయించిన రంగు ఖర్చు కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ పట్టికకు ఎక్కుతుంది. అదే ఫ్యాక్టరీలో ట్యాంకును చల్లగా ఉంచడానికి, సైరన్ మోగేలా చూడటానికి పెట్టే ఖర్చు ఆ పట్టికలోకి రాదు. మామూలు వ్యాపారంలో భాగం కాబట్టి చట్టప్రకారం రాకూడదు కూడా. ఆ బడిలో చదివే పిల్లలు రాత్రి నిశ్చింతగా నిద్రపోవడం మాత్రం పట్టికకు ఎక్కని ఆ ఖర్చు మీదే ఆధారపడి ఉంది.